ఎండ ఊరికే వస్తుంటే బిల్లెందుకు పెరుగుతోంది?

పోయిన నెల మేడ మీద సోలార్ గురించి ఇక్కడ నాలుగు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సగం మంది "ఎంతవుతుంది, ఎన్నాళ్ళకు తిరిగొస్తుంది" అని అడిగారు. మిగతా సగం మంది నా మీద యుద్ధానికే వచ్చారు. "భూమి వేడెక్కడం అంతా బూటకం, మీలాంటివాళ్ళు కలిసి మా జేబులు ఖాళీ చేస్తున్నారు" అని ఒకాయన నాలుగు పేజీలు రాశారు. చేత్తో, ముత్యాల్లాంటి అక్షరాలతో. తిట్లు కూడా అంత అందంగా రాయొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది. ఈ నెల శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

కొత్తగా చదువుతున్నవారికి నా సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. 1986లో విద్యుత్ బోర్డులో సబ్ ఇంజినీరుగా చేరాను. మొదటి పదేళ్ళ పైచిలుకు అనంతపురం జిల్లా సబ్‌స్టేషన్లలో, తర్వాత హైదరాబాద్ విద్యుత్ సౌధలో లోడ్ డిస్పాచ్ (ఎక్కడికి ఎంత కరెంటు పంపాలో చూసే చోటు) షిఫ్టుల్లో, చివర్లో గుంటూరులో పనిచేశాను. రిటైరయ్యాక కూడా దారిలో ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తే ఆగి ఆయిల్ లీకేజీ చూసే జబ్బు పోలేదు.

ప్ర: నేను రిటైరైన హెడ్మాస్టరును. మా బిల్లులో వాడకం ఛార్జీ కాక "ఇంధన సర్దుబాటు" అని ఇంకో రెండు వరసలు ఉంటున్నాయి. అడిగితే ఎప్పుడో రెండేళ్ళ కిందట వాడినదానికట! పేపర్లో చూస్తేనేమో సోలార్ యూనిట్ రెండున్నరకే దొరుకుతోందని రాస్తారు. ఏది నిజం మేడమ్? – ఒక పాఠకుడు, తెనాలి

రెండూ నిజమే మాస్టారూ. చిక్కంతా అక్కడే ఉంది.

మామూలు బుధవారం మధ్యాహ్నం మూర చామంతుల ధర, వరలక్ష్మీ వ్రతం ముందు రోజు సాయంత్రం మూర చామంతుల ధర ఒకటేనా? కరెంటూ అంతే. మీరు పేపర్లో చూసిన రెండున్నర రూపాయలు మధ్యాహ్నం పన్నెండు గంటల యూనిట్‌ది. మనకు కావాల్సింది రాత్రి ఏడున్నర గంటల యూనిట్.

లోడ్ డిస్పాచ్‌లో ఉన్నప్పుడు సాయంత్రం షిఫ్టు అంటే నాకు టెన్షనే. ఆరు దాటగానే ఊళ్ళన్నీ ఒకేసారి లైట్లు వేస్తాయి. ఎదురుగా గోడ మీద ఫ్రీక్వెన్సీ మీటరు ఉండేది, వాడకం ఉత్పత్తిని మించితే అందులో అంకె పడిపోతుంది. 50 దగ్గర నిలబడాల్సిన అంకె 49, 48.7, 48.5 అని దిగుతూ ఉంటే ఏ జిల్లా ఫీడర్ (ఊళ్ళకు కరెంటు తీసుకెళ్ళే లైను) తీయించాలా అని ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళం. అప్పట్లో సోలార్ లేదు. ఇప్పుడు ఉంది, కానీ అది సరిగ్గా ఆ ఆరింటికే దండం పెట్టి వెళ్ళిపోతుంది. ఆ గంటల్లో బొగ్గు కేంద్రాలు, జలవిద్యుత్తు, అదీ చాలకపోతే ఎక్స్ఛేంజీలో, అంటే కరెంటు అమ్మే, కొనే సంతలో కొనుగోలు.

2022 గుర్తు చేసుకోండి. ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు ధర ఆకాశానికెక్కింది. దేశంలో బొగ్గు చాలక పది శాతం విదేశీ బొగ్గు కలపమని కేంద్రం చెప్పింది. ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర ఎంత పెరిగిందంటే, కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఏప్రిల్‌లో 12 రూపాయల దగ్గర గీత గీయాల్సి వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే మన ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే ఇచ్చారు. అప్పుడు ఎక్కువ పెట్టి కొన్న కరెంటు లెక్కలు రాష్ట్ర కమిషన్ ముందుకు వెళ్ళి, విచారణ జరిగి, ఆమోదం పొంది మీ బిల్లులోకి వచ్చేసరికి రెండేళ్ళు. ఈలోగా అద్దెకున్నవాళ్ళు మారిపోతారు. పాత అద్దెదారు వేసుకున్న ఏసీకి కొత్త అద్దెదారు కడతాడు. దీనికి నా దగ్గర సమర్థన లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడూ లేదు.

మరి తప్పంతా బొగ్గుదేనా? కాదు. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదటి వేలంలో దొరికిన అతి తక్కువ ధర 10 రూపాయల 95 పైసలు. 2015లో కర్నూలు దగ్గర సోలార్ పార్కుకు 4.63 పలికితే ఆఫీసులో ఎవరూ నమ్మలేదు, "వీడు మునుగుతాడు" అన్నారు. 2017 ఏప్రిల్‌లో కడపకు 3.15, మరుసటి నెలలో రాజస్థాన్‌లోని భడ్లాకు 2.44. ఏడేళ్ళలో నాలుగో వంతుకు దిగిన సరుకు ఇది. కానీ ఒప్పందాలు పాతికేళ్ళకు రాసుకుంటాం. ముందు కొన్నవాడు పాత ధరకే కట్టాలి. సెల్‌ఫోన్ కొత్తగా వచ్చినప్పుడు నిమిషానికి పదహారు రూపాయలిచ్చి మాట్లాడినవాళ్ళలాగే.

2019లో మన ప్రభుత్వం ఆ పాత సోలార్, పవన ఒప్పందాలను తిరగదోడింది. గాలి యూనిట్‌కు 4.84 ఎందుకివ్వాలి అని. సామాన్యుడికి సబబుగానే వినిపించే ప్రశ్న. వ్యవహారం హైకోర్టుకెక్కింది. మధ్యంతరంగా గాలికి 2.43, సోలార్‌కు 2.44 ఇవ్వమన్నారు. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందంలో రాసుకున్న ధరే ఇవ్వాలని తేల్చింది. తగ్గిద్దామనుకున్నది తగ్గకపోగా బకాయిల మూట మిగిలింది. నన్నడిగితే, ఆ ధర ఎక్కువే. కానీ సంతకం పెట్టాక ధర తగ్గించమనే రాష్ట్రానికి తర్వాత వచ్చే బ్యాంకు వడ్డీ ఒక పాయింటు ఎక్కువే వేస్తుంది, అదీ మన బిల్లులోకే వస్తుంది.

మధ్యాహ్నపు ఎండను సాయంత్రానికి దాచుకోవడం మనకు చేతకాని పనేం కాదు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టులో వెనక్కి తిరిగే టర్బైన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళు పైకి తోడతాయి, కావాల్సినప్పుడు వదులుతాయి. కర్నూలు వైపు పిన్నాపురంలో ఈ పద్ధతిలోనే 1,680 మెగావాట్ల కేంద్రానికి 2022లో పునాది వేశారు. దాచడానికీ ఖర్చవుతుంది మాస్టారూ. పేపర్ హెడ్డింగులో ఉండే రెండున్నరలో ఆ ఖర్చు ఉండదు.

ప్ర: మా నాన్ననూ, ఇద్దరు మేనత్తలనూ 1977 ఉప్పెన తీసుకుపోయింది. అప్పుడెవరూ కార్బన్ అనలేదు. ఇప్పుడు నాలుగు చినుకులు ఎక్కువ పడితే చాలు వాతావరణ మార్పంటున్నారు. తుఫాన్లు ఎప్పుడూ వచ్చేవే కదా? – ఒక పాఠకుడు, అవనిగడ్డ

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను బాబాయ్ గారూ. ఆ నవంబరు 19 గురించి దివిసీమ వాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

మీరన్నది నిజం, తుఫాన్లు ఎప్పుడూ ఉన్నవే. 1977 ఉప్పెన కార్బన్ వల్ల వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరం కోసుకుపోతుంటే "అంతా వాతావరణ మార్పే" అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. అక్కడ హార్బరు కట్టడాలు, నది నుంచి ఇసుక రాకపోవడం, సముద్రమట్టం పెరగడం అన్నీ కలిసి ఉన్నాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తే అసలు సంగతిని కూడా జనం నమ్మరు.

శాస్త్రవేత్తలు అంటున్నది వేరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. వేడెక్కిన సముద్రం తుఫానుకు ఎక్కువ మేత పెడుతుంది. అంటే వచ్చే తుఫానే, మరింత నీళ్ళు మోసుకొస్తుంది. 1977లో పది వేల మంది దాకా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడితే చనిపోయినవాళ్ళు పదుల్లోనే. సముద్రం మెత్తబడి కాదు. ముందే చెప్పారు, ముందే ఖాళీ చేయించారు.

ఇక "మనిషి వల్లే అని ఎలా తెలుసు?" అని కవరు వెనక రాశారు. ఇది మంచి ప్రశ్న. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని 1850లలోనే అమెరికాలో యూనిస్ ఫుట్, ఇంగ్లండులో జాన్ టిండాల్ ప్రయోగాలు చేసి చూపించారు. అప్పటికింకా మనకు మీటరే లేదు, ఇక బిల్లెక్కడిది! 1958 నుంచి హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ మొదలుపెట్టిన కొలతలు ఇప్పటికీ సాగుతున్నాయి. అప్పుడు పది లక్షల పాళ్ళ గాలిలో 315 పాళ్ళు, ఇప్పుడు 420 దాటింది. అంతకుముందు వేల ఏళ్ళు 280 దగ్గరే.

అది మన పొయ్యిలోంచి వచ్చిందేనని వేలిముద్ర దొరికింది. బతికున్న చెట్టులో, మనలో కార్బన్-14 అనే రకం కొంచెం ఉంటుంది. చచ్చాక అది 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరిగిపోతుంది. కోట్ల ఏళ్ళు భూమిలో మగ్గిన బొగ్గులో అది అసలుండదు. గాలిలో పెరుగుతున్న కార్బన్‌లో కార్బన్-14 పాలు పలచబడుతూ వచ్చింది. అంటే పాత సరుకు కలుస్తోందన్నమాట, పాలలో నీళ్ళు కలిసినట్టు.

సూర్యుడి పనేమో అంటారా? ఎండే పెరిగితే గాలి పైపొర, కింది పొర రెండూ వేడెక్కాలి. కొలిస్తే కింద వేడెక్కుతోంది, పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. దుప్పటి కప్పుకున్నవాడికి లోపల ఉక్క, దుప్పటి పైన చల్లన.

ఇక్కడిదాకా వాదన అయిపోయిందని నా అభిప్రాయం. ఎంత తొందరగా, ఎంత ఖర్చుతో, ఎవరి డబ్బుతో అనేది మాత్రం మీరూ నేనూ రోజంతా వాదించుకోవచ్చు. మీ పక్షం తీసుకునే చోట్లు కూడా నాకు కొన్ని ఉన్నాయి.

ప్ర: 2035కల్లా హిమాలయాల్లో మంచు అయిపోతుందని మీ శాస్త్రవేత్తలే రాశారు. తర్వాత నాలిక్కరుచుకున్నారు. ఇంకెందుకు నమ్మాలి? – ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

నాలిక్కరుచుకున్న మాట నిజమే నాయనా. 2007లో ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం) నివేదికలో ఆ వాక్యం పడింది. దాని మూలం తవ్వితే పరిశోధన పత్రం కాదు, ఒక పత్రికలో వచ్చిన ఇంటర్వ్యూ ఒక సంస్థ నివేదికలోకి, అక్కణ్ణుంచి ఇందులోకి వచ్చింది. 2009లో మన జియలాజికల్ సర్వేలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా పర్యావరణ శాఖ కోసం రాసిన పత్రంలో, హిమనీనదాలు అలా మాయమవుతున్నట్టు ఆధారాల్లేవన్నారు. అప్పటి మంత్రి జైరాం రమేశ్ దాన్ని బయటపెట్టారు. ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ దాన్ని మంత్రగాళ్ళ శాస్త్రమని కొట్టిపారేశారు. మూడు నెలలు తిరక్కుండా, 2010 జనవరిలో ఐపీసీసీయే తప్పు ఒప్పుకుంది. పచౌరీ ఆ మాట అనకుండా ఉండాల్సింది. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్ళు ముందు కాగితం చదవాలి.

కానీ తప్పు పట్టుకున్నది ఎవరో చూడు. హిమనీనదాల మీద నడిచి కొలిచినవాళ్ళే. 2035 తప్పు. మంచు కరగడం తప్పు కాదు. హిమాలయ ప్రాంతం మీద పనిచేసే, కాఠ్మాండూలోని ఐసీఐఎంఓడీ సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం 2011–2020 మధ్య అంతకుముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా కరిగింది. మా సబ్‌స్టేషన్‌లో ఒక మీటరు తప్పు చూపిస్తే మీటరు మార్చేవాళ్ళం, కరెంటే లేదనేవాళ్ళం కాదు.

ప్ర: మా తట్టు కొండల మీద గాలిమరలు పెట్టినకాణ్నించీ వానల్లేవు. మబ్బు వస్తుంది, ఆ రెక్కలు తోసేస్తాయి. మీరు ఇక్కడే పనిచేశారట, నిజం చెప్పండి. – ఒక రైతు, అనంతపురం జిల్లా

ఈ మాట నేను 1990లలో రామగిరి దగ్గర మొదటి గాలిమరలు లేచినప్పుడే విన్నాను. ఒక మధ్యాహ్నం సబ్‌స్టేషన్ గేటు దగ్గరకు పదిమంది వచ్చారు. శెనక్కాయ పైరు ఊడల దశలో ఉంది, వాన కావాలి. "మేడమ్, ఒక్క వారం ఆ మరలు ఆపించండి, వాన పడినాంక తిప్పుకోండి" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళు అడిగింది వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఆపే అధికారం నాకు లేదు. వారం తర్వాత, మరలు తిరుగుతుండగానే వాన పడింది. దాన్ని కూడా నేను రుజువు అనను, ఒక్క వాన ఎటు వైపూ రుజువు కాదు.

లెక్క ఇది. ఆ రోజుల్లో గాలిమర స్తంభం నలభై, యాభై మీటర్లు. ఇప్పటివి వంద మీటర్లు దాటుతున్నాయి. వాన మబ్బు అడుగే దాదాపు కిలోమీటరు ఎత్తున మొదలై, పైకి పది కిలోమీటర్ల దాకా లేస్తుంది. ఆ రెక్క దానికి అందదు. మీ జిల్లా పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి మేఘాలు అటు కురిసేసి ఖాళీ చేతులతో వస్తాయి, ఈశాన్యం కోస్తాలోనే సగం అయిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. ధాత కరువు 1876లో వచ్చింది. అప్పుడు గాలిమరలు లేవు కదన్నా.

గాలిమరల మీద మీకు కోపం ఉండకూడదని అనను. ఎకరం ఎంతకు తీసుకున్నారు, క్రేను కోసం వేసిన రోడ్డు ఎవరి గట్టు తొక్కింది, ఊరికి ఒక్క ఉద్యోగమైనా వచ్చిందా, ఇవి నిలదీయాల్సిన సంగతులు. వాన గురించి అడిగితే కంపెనీవాడు నవ్వి వెళ్ళిపోతాడు. కౌలు గురించి అడగండి, నవ్వడు.

ప్ర: నాయిన తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపినోడు. నేను ఓసీ (ఓపెన్‌కాస్టు గని)లో డంపర్ నడుపుతున్న. మీరు సోలార్ సోలార్ అంటుంటే నా కొడుకు ఏం చేయాలె? – ఒక సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

తమ్ముడూ, ఈ నెల నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ఉత్తరం నీదే.

ముందు ఒక లెక్క. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్ళు. ఇప్పుడు పర్మినెంటు కార్మికులు నలభై వేల దగ్గర. ఆ అరవై వేల ఉద్యోగాలు సోలార్ తినలేదు, అప్పుడది లేనే లేదు. భూగర్భ గనులు మూసి ఓపెన్‌కాస్టులు తెరిచారు, మీ నాయిన తట్ట స్థానంలో నీ డంపర్ వచ్చింది, దాని వెనక కాంట్రాక్టు కార్మికుడు వచ్చాడు. బొగ్గు తీయడం పెరిగింది, మనుషులు తగ్గారు.

బొగ్గు రేపే పోదు. దేశంలో ఇవాళ్టికీ పది యూనిట్లలో ఏడు దాకా బొగ్గువే. దేశం పెట్టుకున్న నెట్ జీరో (గాలిలోకి వదిలే కార్బన్, తిరిగి పీల్చే కార్బన్ సరిసమానం కావడం) గడువు 2070. నువ్వు రిటైరయ్యేదాకా నీ డంపర్ నడుస్తుంది. నీ కొడుకు రిటైరయ్యేదాకా నడుస్తుందని మాత్రం నేను మాటివ్వలేను. "సోలార్‌లో బోలెడు ఉద్యోగాలు" అనే మాట కూడా నీకు చెప్పను. వంద మెగావాట్ల సోలార్ కట్టేటప్పుడు ఏడాది పాటు వందల మందికి పని, కట్టాక కాపలాకు, తుడవడానికి కొందరు. మీ రామగుండంలోనే ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ళ మీద వంద మెగావాట్ల తేలే సోలార్ ఉంది కదా, వెళ్ళి చూడు, గేటు దగ్గర సైకిళ్ళెన్నో లెక్కపెట్టు. సింగరేణి కూడా సోలార్ ప్లాంట్లు కడుతోంది. అందులో మీ పిల్లలకు వాటా అడగాల్సింది ఇప్పుడే, గని మూసే రోజున కాదు. మీ యూనియన్ల డిమాండ్ల కాగితంలో అది ఎన్నో నంబరులో ఉందో నాకు రాయి.

బొగ్గు చవకనే మాటలో ఒక ఖర్చు ఎప్పుడూ రాయరు. 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలు వద్దని బీల (చిత్తడి) భూముల కోసం నిలబడ్డవాళ్ళ మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అది ఏ యూనిట్ రేటులోనూ కలవలేదు.

ప్ర: మేమిద్దరమే, నెలకు వంద యూనిట్లు కాలుస్తాం. ఎదురింటివాళ్ళు 350. వాళ్ళు సోలార్ పెట్టించుకుని మమ్మల్నీ పెట్టించుకోమంటున్నారు. – ఒక గృహిణి, రాజమండ్రి

వద్దమ్మా, ఇప్పటికి వద్దు. లెక్క చూపిస్తాను.

2022లో వచ్చిన మన ఆంధ్రా శ్లాబులు: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. ఆ లెక్కన మీ వంద యూనిట్ల ఖరీదు 304 రూపాయల యాభై పైసలు. ఎదురింటివాళ్ళది 2,110. వాళ్ళు 2 కిలోవాట్లు పెడితే రోజుకు ఎనిమిది, నెలకు 240 యూనిట్లు. మిగిలిన 110 యూనిట్లకు 350 కడితే సరి. నెలకు 1,760 మిగులు. కేంద్రం సూర్యఘర్ పథకంలో ఇచ్చే సబ్సిడీ 60,000 పోను చేతి నుంచి అరవై, ఎనభై వేలు పడ్డా నాలుగేళ్ళలోపు తిరిగొచ్చేస్తుంది. మీరు ఒక కిలోవాటు పెట్టి 30,000 సబ్సిడీ తీసుకున్నా, చేతి నుంచి పడే ముప్పై అయిదు, నలభై వేలు రాబట్టడానికి పదేళ్ళకు అటూ ఇటూ. అదే ప్యానెల్, అదే ఎండ!

మీరు ముందు పాత ఫ్యాన్లు మార్చండి. పాతది 75 వాట్లు, కొత్త రకం బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ ముప్పై చిల్లర. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే ఫ్యానుకు నెలకు పదిహేను యూనిట్లు తగ్గుతాయి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు బిల్లే రానివాళ్ళు కూడా నాకు రాశారు. మీకెందుకమ్మా సోలార్, హాయిగా ఉండండి.

ఇందులో ఒక చేదు నిజం ఉంది. 8.75 కట్టేవాళ్ళ డబ్బుతోనే 1.90 వాళ్ళకు చవకగా ఇస్తున్నాం. ఆ పై శ్లాబు వాళ్ళంతా మేడ మీద ప్యానెళ్ళు పెట్టుకుని కిందికి జారితే ఆ లోటు ఎవరు పూడ్చాలి? మంత్రులు రిబ్బను కత్తిరించే ఫొటోల్లో ఈ ప్రశ్న ఉండదు. డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసుల్లో మాత్రం దీని మీదే మాట.

ప్ర: నాలుగు లక్షల ఖర్చుతో సోలార్ పెట్టినం. కరెంటు పోతే అదీ పోతుంది! మోసపోయినమా? – కరీంనగర్

మోసం కాదు, మీకు ముందే చెప్పకపోవడం తప్పు. లైన్‌లో కరెంటు లేనప్పుడు మీ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలి. ఆగకపోతే మీ ఇంటి కరెంటు వెనక్కి వెళ్ళి, స్తంభమెక్కిన లైన్‌మన్‌ను కొడుతుంది. జనరేటర్ల వెనక్కి తన్నుడుకు పోయినవాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళాను. అందుకే ఈ నిబంధన మీద నాకు చర్చ లేదు. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి.

మీరడగని ఇంకో సంగతి, ఎర్తింగ్. మా మేడ మీద పెట్టిన కంపెనీ (పేరెందుకులెండి) మూడు ఎర్తింగ్‌లకు డబ్బు తీసుకుని ఒక్క గుంత తవ్వి మూడు తీగలూ అందులోనే పెట్టేసింది. ప్యానెళ్ళకొకటి, ఇన్వర్టర్ అవతలి వైపుకొకటి, పిడుగు కడ్డీకొకటి విడిగా ఉండాలి. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే మిగతా రెండు తవ్వారు. కట్టెబొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించాను. మొత్తానికి సోలార్‌కూ బొగ్గు తప్పలేదు!

ప్యానెళ్ళు తెల్లవారుజామునే కడగండి, ఎండెక్కాక చన్నీళ్ళు పోస్తే అద్దం తట్టుకోదు. బోరు నీళ్ళు, ఆర్‌వో వదిలేసే నీళ్ళు వద్దు, తెల్లటి ఉప్పు మచ్చలు పడతాయి. మే నెలలో యూనిట్లు తగ్గితే కంగారు పడకండి. ప్యానెల్ కావాలనేది వెలుతురే, వేడి కాదు. 60 డిగ్రీలు దాటి కాలిపోతుంటే పదో వంతు పైనే పోతుంది. మాకు మార్చిలోనే ఎక్కువ వస్తుంది. కోతులకు మాత్రం నా దగ్గర మందు లేదు.

ప్ర: 2021 ఫిబ్రవరిలో మా దగ్గర మూడు రోజులు కరెంటు లేదు. గాలిమరలు గడ్డకట్టడం వల్లే అన్నారు. మీరేమంటారు ఆంటీ? – డాలస్, టెక్సాస్ నుంచి

కొన్ని గాలిమరలు గడ్డకట్టిన మాట నిజం. కానీ తర్వాత జరిగిన విచారణలో ఆగిపోయిన వాటిలో పెద్ద వాటా గ్యాస్ కేంద్రాలదే. బావులు, పైపులు, పరికరాలు చలికి బిగుసుకుపోయాయి. మీ రాష్ట్ర లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. హోల్‌సేల్ ధర మెగావాట్-గంటకు 9,000 డాలర్లు, అంటే యూనిట్‌కు 9 డాలర్లు! ఆ ధరకు నేరుగా ముడిపెట్టిన ప్లాన్ తీసుకున్నవాళ్ళకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మా తెనాలి మాస్టారికి ఇది చూపించాలి.

ఇంకో కారణం ఉంది. టెక్సాస్ గ్రిడ్ పక్క రాష్ట్రాలతో దాదాపు కలవకుండా వేరుగా ఉంటుంది. మేమూ అలాగే ఉండేవాళ్ళం. దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే తాళంలో కలిసింది 2013 డిసెంబరు 31న, రాయచూర్–షోలాపూర్ లైన్‌తో. 2012 జులైలో ఉత్తరాదిలో గ్రిడ్ కూలినప్పుడు మేం వేరుగా ఉండబట్టి బతికిపోయాం. ఇప్పుడు ఇక్కడ తగ్గితే అటు నుంచి వస్తుంది. విడిగా ఉండటంలో లాభమూ నష్టమూ రెండూ చూసినదాన్ని, నా ఓటు కలవడానికే.

పైగా మీ అమెరికాలో మనిషికి ఏడాదికి 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, ఇక్కడ 2. సెలవులకు వచ్చినప్పుడు మా ఏసీల గురించి లెక్చరివ్వకండేం.

ప్ర: అందరికీ చెబుతారు. మీ ఇంట్లో ఏసీ ఉందా? నిజం చెప్పండి. – పేరు రాయలేదు

ఉంది. గుంటూరు మే నెలలో మా ఆయన బీపీకి అది లేకపోతే కుదరదు. 26 మీద పెడతాం, ఆయన రాత్రి లేచి 23 చేస్తారు, నేను మళ్ళీ 26 చేస్తాను. 2024లో 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. మేడ మీద సగం జాగా పోయి వడియాలు పెట్టుకోవడానికి నీళ్ళ ట్యాంకు పక్కన రెండు చాపల చోటు మిగిలింది, దాని మీద ఇంట్లో ఇంకా తగువు తేలలేదు. పోయిన నెల బిల్లు 412 రూపాయలు. అందులో సగానికి దగ్గర, సోలార్ పెట్టకముందు వాడినదాని సర్దుబాటే.